బండి కాపలా నుండి నా భర్తను విడిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన ఇంట్లో పడుకోవడం మానేసి బండిలో పడుకున్న ఆ రోజుల గురించి చెప్పమని పాస్టరయ్య నన్ను ఈ చిక్కబళ్ళాపుర కూడికలో మీ ముందర నిలబెట్టారు. నాకు మైకు పట్టుకుని మాట్లాడే అలవాటు లేదు, గొంతు కూడా పెద్దది కాదు, వెనక కూర్చున్నవాళ్ళకు వినబడకపోతే చేయి ఎత్తండి. చింతామణి నుండి బస్సులో నిలబడే వచ్చాను, కాళ్ళు లాగుతున్నాయి. అయినా దేవుడు చేసిన మేలును నోట్లోనే దాచుకోకూడదు గదా, అందుకని ఓపిక తెచ్చుకుని చెబుతున్నాను.

నా పేరు రూతమ్మ, మా ఆయన పేరు దానియేలు. మాది బోరు మోటర్ల పని. మన వైపు బోర్లు ఎంత లోతో మీకు నేను చెప్పేదేముంది! ఆ లోతులో మోటరు కాలిపోతే మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీతో ఒక్కొక్క పైపునే పైకి లాగి, మోటరు బయటికి తీసి, బాగుచేసి, మళ్ళీ ఒక్కొక్క పైపునే కిందికి దించాలి. లాగేది, దించేది మా ఆయన. లోపల కాలిపోయిన రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టేది నేను. పెళ్ళైన కొత్తలో ఆయనే నేర్పించాడు, ఇప్పుడు నా చుట్టుడే బాగుంటుందని రైతులు అంటారు. ఒక చిన్న బండి కొనుక్కుని, దాని వెనక సామానంతా పెట్టుకుని, చింతామణి నుండి బాగేపల్లి వరకు ఏ ఊరిలో పిలిస్తే ఆ ఊరికి పోయేవాళ్ళం. ఆ బండి, ఆ సామాను, అదే మా పొలం, అదే మా పంట.

మొదటిసారి దొంగతనం బాగేపల్లి దగ్గర ఒక పల్లెలో జరిగింది. బోరు చేను మధ్యలో ఉంది, దారి బురద, బండి పోదు. రోడ్డు పక్కన నిలిపి, స్టాండు, కప్పీ, పైపులు పట్టుకునే క్లాంపులు మాత్రం భుజాల మీద మోసుకుపోయాం. పట్టపగలు, ఎండ నెత్తి మీద ఉంది, రోడ్డు మీద మనుషులు పోతూనే ఉన్నారు. పని ముగించుకుని తిరిగి వచ్చేసరికి వెనక తలుపు తాళం కోసి ఉంది. డ్రిల్లింగ్ మెషిను, వెల్డింగ్ సెట్టు, కరెంటు చూసే మీటరు, రెంచీలు, నేను వైండింగ్‌కు తెచ్చిన రాగి తీగ చుట్టలు, అన్నీ పోయాయి. పాత గోనెసంచి ఒకటి మిగిలింది. మా ఆయన ఆ సంచిని దులిపి మడత పెట్టి మళ్ళీ బండిలో పెట్టాడు. నేనే రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను.

ఎట్లాగో మళ్ళీ ఒక్కొక్కటే కూడబెట్టుకున్నాం. పాత సామాను దొరికితే పాతవి, లేకపోతే కొత్తవి, కొన్ని అరువు. సగం సామాను వచ్చిందో లేదో, ఇదే చిక్కబళ్ళాపురలో, అంగడి వీధిలో రాగి తీగ కొనడానికి ఇద్దరం లోపలికి పోయి బయటికి వచ్చేసరికి ఏకంగా బండే లేదు! నిలిపిన చోట నూనె మరక ఉంది, బండి లేదు. మా ఆయన ఆ మరక దగ్గరే నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు, వేరే బండ్లవాళ్ళు హారన్ కొడుతున్నా కదలడు. పోలీసు స్టేషన్‌కు పోయి దూరు, అంటే ఫిర్యాదు, రాయించాం. వాళ్ళు మంచిగానే వెతికారు, మంచేనహళ్ళి వైపు రోడ్డు పక్కన బండి దొరికిందని కబురు చేశారు. పోయి చూస్తే బండి ఉంది, లోపల ఏమీ లేదు. సామాను పోయింది, బ్యాటరీ పోయింది, డ్రైవరు సీటు కూడా ఊడదీసుకుపోయారు. మా ఆయన అరువు బ్యాటరీ ఒకటి వేసి, ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని బండి నడుపుకుంటూ ఇంటికి వచ్చాడు. సహోదరులారా, ఆ రోజు బండి ఇంటికి వచ్చింది గాని మా మనిషి ఇంటికి రాలేదు.

అప్పటినుండి ఆయన బండికి కాపలాదారుడైపోయాడు. మా ఇల్లు చిన్న సందులో ఉంటుంది, బండి లోపలికి రాదు, సందు మొదట్లోనే నిలపాలి. అక్కడే, బండి వెనక భాగంలో, సామాను పక్కన ఒక చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. స్టీరింగ్‌కు గొలుసు, ఆ గొలుసు కొస తన కాలికి. వానొస్తే టార్పాలిన్ కప్పుకునేవాడు. నేను పళ్ళెంలో అన్నం పెట్టుకుని సందు చివరకు పోతే, అక్కడే కూర్చుని తిని, చేయి కడుక్కుని, పళ్ళెం నా చేతికిచ్చేవాడు. మోటరుసైకిలు మెల్లగా పోతే లేచి కూర్చునేవాడు. కుక్క మొరిగితే లేచి కూర్చునేవాడు. నిద్ర అనేది లేదు. కళ్ళ కింద నల్లగా, చెంపలు లోపలికి పోయి, మనిషి సగమైపోయాడు. పగలు ఆయన కాస్త కునుకు తీస్తే నేను కాపలా. ఒళ్ళో మోటరు పెట్టుకుని తీగ చుడుతూ, దారిన పోయే ప్రతి మనిషినీ అనుమానంగా చూస్తూ, చుట్లు లెక్క తప్పి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి... అబ్బా, ఆ అలసట ఇప్పుడు తలచుకున్నా ఎముకల్లో తెలుస్తుంది!

ఒకనాడు మా పాప బడి నుండి వచ్చి అడిగింది. "అమ్మా, నాయన వాచ్‌మనా అని అడుగుతాండారు మా క్లాసులో. ఏమని చెప్పేది?"

మంచినీళ్ళు తాగి చదువుకో పో అన్నాను.

మందిరానికి కూడా రావడం మానేశాడు. మమ్మల్ని గేటు దగ్గర దింపి, తను బయట బండిలోనే కూర్చునేవాడు. "పాటలు ఈడికి వినపడతాయి లేమ్మే, నువ్వు పో" అనేవాడు. అంతెందుకు, ఆయన తండ్రి చనిపోయినప్పుడు సమాధి తోటలోకి వచ్చి, పిడికెడు మట్టి వేసి, ఆ చేయి ఇంకా దులుపుకోకముందే వెనక్కి తిరిగి గేటు బయట బండి ఉందా లేదా అని చూశాడు. చుట్టాలంతా చూశారు. నేను తల దించుకున్నాను. తాగుడుకు బానిసైన మనుషుల గురించి ఇక్కడ సాక్ష్యాలు విన్నాం, జూదానికి బానిసైనవాళ్ళ గురించి విన్నాం. మా ఆయన బీడీ కూడా ముట్టడు. అయినా భయానికి బానిసైపోయాడు, ఆయనతో పాటు నేనూ, మా పాపా. ఎవరికి చెప్పుకునేది? కష్టపడి పనిచేసేవాడు తన సామాను తను కాచుకుంటున్నాడు, ఇందులో తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు. మనిషి అరిగిపోతున్నాడు, అంతే.

నేను ప్రార్థన చేయలేదా అంటే, చేశాను. మొదట్లో గట్టిగా చేశాను. పోయిన సామాను దొరకాలని, దొంగలు పట్టుబడాలని ఉపవాసముండి అడిగాను. ఏదీ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు సహోదరులారా, మీరు ఆ మాట కోసం ఎదురుచూడొద్దు. తరువాత తరువాత మోకరించగానే నిద్రొచ్చేది, మోకాళ్ళ మీదే తల వాలిపోయేది.

అట్లా ఉండగా బాగేపల్లి వైపు వెంకటరామప్ప అనే రైతు మోటరు కాలిపోయిందని పిలిచాడు. టమాట తోట, పూత మీద ఉంది, ఆ బోరు తప్ప వేరే నీళ్ళు లేవు. మోటరు పైకి తీశాం, ఇంటికి తెచ్చి నేను చుట్టాను, దించడానికి మళ్ళీ పోయాం. అక్కడా బండి చేలోకి పోదు, రోడ్డు మీదే నిలపాలి. బోరు దగ్గర నుండి చూస్తే చెట్ల మధ్య బండి తెల్లగా కొంచెం కనబడుతుంది. మా ఆయన ఒక పైపు దించడం, తల తిప్పి రోడ్డు వైపు చూడటం, ఇంకో పైపు దించడం, మళ్ళీ చూడటం. నడుమ రెండుసార్లు పని వదిలి పోయి తాళం లాగి చూసి వచ్చాడు. కళ్ళు ఎర్రగా మండుతున్నాయి.

పైపులు దించేటప్పుడు, అప్పటిదాకా దించిన బరువంతా బోరు మూతి దగ్గర ఒక క్లాంపు పట్టుకుని ఉంటుంది. దాని బోల్టులు గట్టిగా బిగించాకే పై గొలుసు వదలాలి. ఈ పని పుట్టినప్పటినుండి చేస్తున్నవాడు మా ఆయన. ఆ రోజు రోడ్డు మీద ఎవరో బండి దగ్గర ఆగినట్టు కనబడింది. బోల్టు సగం బిగించి, చూపు రోడ్డు మీద పెట్టి, గొలుసు వదిలేశాడు.

ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పలేను. పైపులు, మోటరు, అంతా ఒక్కసారిగా బోరులోకి జారిపోయాయి. నేను కరెంటు కేబులు పట్టుకుని ఉన్నాను, అది నా అరచేతుల్లో నుండి నిప్పులాగా పరుగెత్తింది. వదిలేసేలోపల రెండు చేతుల తోలూ పోయింది. కేబులు తోక కూడా బోరులోకి పోయింది. రోడ్డు మీద ఆగినవాడు ఎవరో దారిన పోయేవాడు, చెప్పులో ముల్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

వెంకటరామప్ప గట్టు మీద కూలబడ్డాడు. "ఏమప్పా ఇది? నా చెట్లకు ఇంక నీళ్ళు యాడ నుంచి తెచ్చేది? పూత రాలిపోతాది గదప్పా!" అన్నాడు. ఆయన కోపంలో న్యాయముంది. మా ఆయన నా చేతులు చూసి, తన తలగుడ్డ చించి, వాటికి చుట్టి, చుడుతూ చుడుతూ ఏడ్చాడు. బండి పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయన మళ్ళీ బండిలోకే పోయాడు. నేను ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. చేతులు జోడిద్దామంటే గుడ్డలు చుట్టి ఉన్నాయి, జోడించడానికి రావు. ఒళ్ళో పెట్టుకునే ప్రార్థన చేశాను. పెద్ద మాటలేమీ రాలేదు. మా ఇంట్లో మాట్లాడుకునే మాటలే వచ్చాయి.

"యేసయ్యా, నేను అలసిపోయినాను. ఇంక కాసేది నా చేత కాదు. సామాను నేను అడగను, దొంగల్ని పట్టియ్యమని గుడక అడగను. ఈ బండి నీదే, నువ్వే పెట్టుకో. నా మనిషిని మాత్రం ఇంట్లోకి పంపు. ఆ అప్ప తోటకు నీళ్ళియ్యి. నాకు ఇంక మాటలు వస్తా లేవు నాయనా."

అంతే నా ప్రార్థన. ఆమేన్ అన్నానో లేదో కూడా గుర్తులేదు, నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి ఒకే ఒక సంగతి తలలో ఉంది. బోరులో పడిపోయిన పైపులను పట్టి పైకి లాగడానికి ఒక రకమైన ఇనుప కొక్కెం ఉంటుంది. మా కొక్కెం బండితో పాటు పోయినవాటిలో ఉంది. చింతామణిలో అది బాషా దగ్గర ఉంది. బాషా కూడా మోటర్ల పనివాడే. మాకు, ఆయనకు పోటీ. మాకు రావలసిన పని ఆయనకు పోయింది, ఆయనకు పోవలసింది మాకు వచ్చింది, అట్లా ఎన్నో ఏళ్ళుగా మా మగవాళ్ళిద్దరూ ఎదురుపడితే పక్కకు చూసుకుని పోయేవాళ్ళు. నేను మా ఆయనతో చెప్పకుండా బాషా అంగడికి నడిచి పోయాను. ఏమని అడగాలో తెలియక గుడ్డలు చుట్టిన చేతులతో వాకిట్లో నిలబడ్డాను. అప్పటికే సంగతి ఆయన చెవిన పడినట్టుంది.

"లోపలికి రాక్కా" అన్నాడు. "కొక్కెం కావల్నా?"

"ఇస్తే శానా మేలు, బాషా."

"కొక్కెం ఒకటిస్తే ఏం చేస్తావక్కా ఈ చేతులతో? అన్న ఒక్కడే లాగుతాడా? ఉండు, నేను గుడక వస్తాండా."

బాషా తన బండి ఎక్కేటప్పుడు వాళ్ళావిడ ఒక టిఫిన్ క్యారియరు తెచ్చి ఇచ్చింది. దేవునికే మహిమ సహోదరులారా! నేను ఏళ్ళ తరబడి ప్రార్థనలో పైకి చూస్తూ ఉన్నాను, ఆయన నా జవాబును మా వీధి నుండి రెండు వీధుల అవతల ఉంచాడు!

సందు మొదట్లో మా బండి దగ్గర మా ఆయన బాషాను చూసి మొదట ముఖం తిప్పుకున్నాడు. బాషా పట్టించుకోలేదు. కొక్కెం కింద పెట్టి అన్నాడు, "అన్నా, పోయినేడు నా సామాను గుడక పోయినాయి. ఆ కాడి నుంచి నేను అంగట్లోనే పడుకుంటాండా. మా ఇంట్లో వాళ్ళు నా మొగం మర్చిపోయినారు."

మా ఆయన నవ్వాడు. ఎంత కాలానికో! నవ్వి, మళ్ళీ ముఖం కడుక్కోవడానికన్నట్టు తొట్టి దగ్గరకు పోయాడు.

ముగ్గురం బాగేపల్లి వైపు బయలుదేరాం. రోడ్డు మీద రెండు బండ్లు నిలిపి దిగగానే మా ఆయన మళ్ళీ ఆగిపోయాడు. తాళం వేశాడు, లాగి చూశాడు, నాలుగడుగులు నడిచాడు, వెనక్కి చూశాడు. కాళ్ళు కదలడం లేదు. అప్పుడు వెంకటరామప్ప తల్లి, గంగులమ్మ అవ్వ, చేట ఒక చేత్తో, వేరుశెనక్కాయల మూట ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. ముందు రోజు జరిగింది ఆమె అంతా చూసిందట. బండి నీడన కూర్చుని మూట విప్పింది.

"నేను ఈడ కూకుంటా, పోప్పా. కాయలు ఒలిచేది ఉండాది, యాడ కూకుంటే ఏమి? ఎవుడన్నా వస్తే నా అరుపుకు ఊరంతా లేస్తాది."

"నీకెందుకవ్వా తిప్పలు, ఎండలో" అన్నాడు మా ఆయన.

"నీ బండి పోతే నా కొడుకు తోటకు నీళ్ళెవరు తెస్తారు? నా బండి మాదిరే అనుకోని కూకుంటా. పో, నువ్వు మోటరు చూడు పో."

సహోదరులారా, మా దేవుని పేరు కూడా ఆ అవ్వకు తెలియదు. అయినా ఆ రోజు నేను ఆమెను చూసినప్పుడు, ముందు సాయంత్రం నేను అడిగింది ఆయన విన్నాడని నా గుండెకు తెలిసింది. బండి నువ్వే పెట్టుకో అన్నాను గదా. ఆయన ఒక ముసలమ్మను పంపి పెట్టుకున్నాడు.

ఆ పని ఎంత కష్టమో చెబితే పొద్దుపోతుంది. బాషా తెచ్చిన పైపుల కొసకు కొక్కెం తగిలించి లోపలికి దించాలి. లోపల చీకటి, ఏమీ కనబడదు, చేతికి తగిలే అదురును బట్టి తెలుసుకోవాలి. తగిలినట్టే ఉంటుంది, లాగితే జారిపోతుంది. మళ్ళీ దించాలి. మధ్యాహ్నం వరకు కొక్కెం దేన్నీ పట్టుకోలేదు. వెంకటరామప్ప కూడా కోపం వదిలి చొక్కా విప్పి గొలుసు లాగడానికి వచ్చాడు. నాకు చేతులు లేవు, గట్టు మీద కూర్చుని "తండ్రీ, పట్టించు, తండ్రీ, పట్టించు" అని అంటూనే ఉన్నాను. బాషా కూడా తన పద్ధతిలో ఏదో అనుకుంటూ గొలుసు వదులుతున్నాడు. ఎండ దిగుతుండగా మా ఆయన చేయి పైపు మీద పెట్టి, కళ్ళు మూసుకుని, "ఆగు" అన్నాడు. కొంచెం తిప్పాడు. "లాగు బాషా, మెల్లగా" అన్నాడు. గొలుసు బిగుసుకుంది. స్టాండు కాళ్ళు కిర్రుమన్నాయి. బరువు వచ్చింది! మోటరు బరువు వచ్చింది!

ఒక్కొక్క పైపునే పైకి లాగి, క్లాంపు బిగించి, ఊడదీసి, చేలో పరిచి, పొద్దు వాలేసరికి మోటరు మట్టిపూసుకుని బోరు మూతిలో నుండి బయటికి వచ్చింది. కేబులు చినిగిపోయింది, రెండు పైపులు వంగిపోయాయి, గాని మోటరు లోపల నేను చుట్టిన తీగ చెక్కు చెదరలేదు. హల్లెలూయా! గంగులమ్మ అవ్వ ఒలిచిన వేరుశెనగ పప్పులు చేటతో తెచ్చి మా మధ్య పెట్టింది. అందరం బురద చేతులతోనే తిన్నాం, నాకు మా ఆయన తినిపించాడు.

అప్పుడు, నములుతూ నములుతూ, మా ఆయన ఆగిపోయాడు. రోడ్డు వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు.

"రూతమ్మా" అన్నాడు, "పొద్దున్నుంచి నాకు బండి గ్యాపకమే రాలేదు గదా!"

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలాగా ఉంది. నేను విడుదల అంటే పెద్ద కేకతో వస్తుందనుకున్నాను. శెనక్కాయలు తింటుండగా వచ్చింది. మరునాడు కొత్త కేబులు వేసి మోటరు దించాం, నీళ్ళు పడ్డాయి. మొదట ఎర్రగా, తరువాత తేటగా. అవ్వ కాలువలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. కొన్ని సాళ్ళు వాడిపోయాయి, చాలావరకు నిలబడ్డాయి.

కాని భయం ఒక్కరోజుతో పోయిందని నేను అబద్ధం చెప్పను. ఇంటికి రాగానే సందు మొదట్లో బండి, అదే చీకటి, అదే గొలుసు. అందుకని నేను ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దల ముందు నిలబడి అడిగాను. మన మందిరం చుట్టూ గోడ ఉంది, ఇనుప గేటు ఉంది, వారమంతా ఖాళీగా ఉంటుంది, పని బండ్లు అక్కడ నిలుపుకోనిస్తారా అని. ఒక పెద్దాయన ఇబ్బందిగా ముఖం పెట్టాడు.

"మందిరం తావును బండ్ల షెడ్డు చేస్తే బాగుంటాదామ్మా?" అన్నాడు.

"అన్నా" అన్నాను, "బండి లోపల ఉంటే మా ఆయన గుడక లోపలికి వస్తాడు."

పాస్టరయ్య తాళంచెవి తీసి నా గుడ్డల చేతిలో పెట్టారు.

ఇప్పుడు అక్కడ మా బండి ఉంటుంది, బాషా బండి ఉంటుంది, టైల్స్ వేసే అతనిది, వడ్రంగి పని చేసే అన్నదమ్ములది ఉంటాయి. మా సంఘం వాళ్ళు కొందరు, కానివాళ్ళు కొందరు. వెనక తలుపులు గోడకు ఆనించి నిలుపుతారు, తలుపు తెరవడానికి చోటుండదు. ప్రతి సామాను మీదా ఎవరి పేరు వాళ్ళు చెక్కుకున్నారు, పాత సామాను అమ్మే అంగళ్ళవాళ్ళకు ఆ పేర్లు చెప్పి ఉంచారు. విలువైన మెషిన్లు దించుకుని లోపలి గదిలో పెడతారు. వంతులవారీగా ఒకరు అక్కడ పడుకుంటారు, ఆ వంతు వచ్చిన దినం తప్ప మిగతావాళ్ళు ఇంట్లో. పగలు పల్లెలకు పోయినప్పుడు, బండి నిలిపిన చోట దగ్గరి ఇంటివాళ్ళతో మాట్లాడి, చూస్తుండమని చెప్పి పోతారు. ఇందులో గొప్ప తెలివి ఏమీ లేదు. ఒక్కొక్కరం ఒంటరిగా కాచుకుంటూ ఇంతకాలం చచ్చిపోతూ ఉన్నాం, అంతే.

మొన్నామధ్య ఒక ఉదయం గేటు తాళం మీద కొత్త గీతలు కనబడ్డాయి. ఎవరో ప్రయత్నించి వదిలేసినట్టున్నారు. మళ్ళీ మొదలవుతుందనుకున్నాను నేను. మా ఆయన ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. "దీనికన్నా లావుది తెస్తాలే" అన్నాడు. ఇంటికి వచ్చి, దోసెలు తిని, పనికి పోయాడు. అంతే! దేవునికే మహిమ, దేవునికే మహిమ!

నా చేతులు మానాయి, మచ్చలున్నాయి, తీగ చుట్టేటప్పుడు కొంచెం లాగుతాయి. మేమింకా అలసిపోయే ఉన్నాం, ఎన్నో ఏళ్ళ నిద్ర ఒక్కసారిగా తీరదు. అది పని చేసినవాళ్ళ అలసట, భయపడినవాళ్ళ అలసట కాదు. నాకు ఆ తేడా చాలు.

మీలో కూడా తాపీ పని, కరెంటు పని, ప్లంబింగ్ పని చేసుకునేవాళ్ళున్నారు, నాకు తెలుసు. సామాను పోయినవాళ్ళున్నారు, పోతుందేమోనని కళ్ళు మూయనివాళ్ళున్నారు. భర్తకు సందు చివరకు అన్నం మోసే నాలాంటి అక్కచెల్లెళ్ళూ ఉండొచ్చు. తాళం వేయండి, మంచి తాళమే వేయండి, దేవుడు వద్దనడు. కాని మీ ప్రాణాన్ని ఆ గొలుసుకు కట్టేయొద్దు. మాటలు రాకపోతే నాలాగా ఉన్న మాటలతోనే అడగండి, చేతులు జోడించలేకపోతే ఒళ్ళో పెట్టుకుని అడగండి. యేసయ్య వింటాడు. జవాబు మీరు తల తిప్పుకుని పోయే మనిషి చేతిలో ఉంటే, సిగ్గుపడకుండా పోయి వాకిట్లో నిలబడండి.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. పోయిన ఆదివారం మా ఆయన మందిరంలో నా పక్క వరసలో కూర్చున్నాడు. ప్రసంగం మొదలైన కాసేపటికే తల వాలిపోయింది. గురక కూడా వచ్చింది. పాప సిగ్గుతో ముఖం కప్పుకుంది. పక్కనున్న సహోదరుడు లేపబోతే, పాస్టరయ్య వాక్యం చెప్పడం ఆపి, వద్దని చేయి ఊపి, గొంతు తగ్గించి మిగతా ప్రసంగమంతా మెల్లగా చెప్పారు.